జ్వరం దిగిందిగా, ఇంక డాక్టరెందుకు?

ప్రశ్న: మా వీధిలో డెంగీ ఎక్కువగా ఉంది. మా ఆయన మెడికల్ షాపులో అడిగి నాలుగు రకాల బిళ్లలు తెచ్చుకుని వేసుకున్నారు. జ్వరం దిగింది. ఇంక డాక్టరెందుకు అంటున్నారు.
– ఒక గృహిణి, ఎర్రముక్కపల్లి, కడప

జవాబు: ముందు ఆ బిళ్లల పేర్లు చూడండమ్మా. (నా దగ్గరికొచ్చే చాలామంది చేతిలో పేరు కూడా కనపడని కత్తిరించిన స్ట్రిప్పు ముక్కలే ఉంటాయి!) ఒళ్లునొప్పులకని ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ డెంగీలో రక్తస్రావం ముప్పు పెంచుతాయి. యాంటీబయాటిక్ వైరస్‌ మీద పనిచేయదు, డబ్బు దండగ. జ్వరానికి పారాసెటమాల్ చాలు, అదీ ఆరేసి గంటల ఎడంతో.

అసలు గండం జ్వరం దిగాకే, సాధారణంగా జ్వరం మొదలైన 3 నుంచి 7 రోజుల మధ్య. ఈరోజే డాక్టరుకు చూపించి, రక్తపరీక్ష చేయించండి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం కనిపిస్తే మాత్రం ఆయన మాట వినకుండా నేరుగా రిమ్స్‌ (కడప ప్రభుత్వ పెద్దాసుపత్రి)కు తీసుకెళ్లండి.