పథకం పేరు చూసి బ్రాంచి తీసుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ అయింది. ఈఏపీసెట్ ర్యాంకుతో ఒక ప్రైవేటు కాలేజీలో రెన్యువబుల్ ఎనర్జీ బీటెక్, ఇంకో కాలేజీలో ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) వచ్చేలా ఉన్నాయి. మాకు దగ్గర్లోని పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్ వస్తోంది కాబట్టి మొదటిదే కావాలంటోంది. ప్రభుత్వం దేన్ని పట్టుకుంటే అదే నిలబడుతుందని నేను, చివరికి తేల్చేది మార్కెట్టేనని మా బావమరిది. ఇంట్లో రోజూ ఇదే వాదన. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, అనకాపల్లి

జవాబు: మీ ఇద్దరి వాదన తేలేదాకా వెబ్ ఆప్షన్ల గడువు ఆగదు కాబట్టి ముందు నా మాట చెప్పేస్తాను. ఈఈఈ పెట్టించండి. ఎందుకో వినండి.

2003లో ప్రణాళికా సంఘం కమిటీ ఒకటి డీజిల్‌లో జట్రోఫా నూనె కలపాలని సిఫార్సు చేసింది. మన దగ్గర దాన్నే అడవి ఆముదం అంటాం. లక్ష్యం చిన్నదేం కాదు, కొన్నేళ్లలో 20 శాతం. ఆ ఊపులో మా పెదనాన్న రెండెకరాల మెట్టలో వేశాడు. నల్ల కవర్లలో మొక్కలొచ్చాయి. నీళ్లు అక్కర్లేదు, మేకలు ముట్టవు అన్నారు. మేకలు ముట్టని మాట నిజమే. నీళ్లు లేకపోయినా మొక్క బతికింది, కాయే సరిగ్గా కాయలేదు. మూడో ఏడు అర బస్తా గింజలొచ్చాయి. కొనేవాడు లేక ఆ బస్తా మా అటక మీదే ఉండిపోయింది. డీజిల్‌కు ప్రత్యామ్నాయం కావాలని ప్రభుత్వం అడగడంలో తప్పు లేదు. దిగుబడి ఎంతో పొలంలో తేలకముందే ఒక మొక్క పేరు ఖాయం చేయడం దగ్గరే తేడా కొట్టింది.

అలాగని మీ బావమరిది గెలిచినట్టు కాదు. 2010లో జాతీయ సోలార్ మిషన్ మొదలైనప్పుడు కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి సోలార్ కరెంటుకు కట్టిన ధర యూనిట్‌కు 17.91 రూపాయలు. మార్కెట్‌కే వదిలేస్తే ఆ ధరకు ఎవరు కొంటారు? ప్రభుత్వం కొంటానని నిలబడింది, ఎవరు తక్కువకిస్తే వాళ్లకే అని వేలం పెట్టింది. చైనాలో ప్యానెళ్ల ధర పడిపోవడం కూడా కలిసొచ్చింది. 2017లో రాజస్థాన్‌లోని భడ్లా వేలంలో రేటు 2.44కు దిగింది. అదే ఏడాది మన కర్నూలు జిల్లాలో వెయ్యి మెగావాట్ల పార్కు పూర్తయింది.

అందులోనూ ఒక తిరకాసు ఉంది. తొలి దశలో సిలికాన్ ప్యానెళ్లు దేశంలో తయారైనవే వాడాలని షరతు పెట్టి, పలుచటి పొరలతో చేసే థిన్ ఫిల్మ్ రకాన్ని మాత్రం వదిలేశారు. చాలా కంపెనీలు విదేశాల నుంచి థిన్ ఫిల్మ్ తెప్పించుకున్నాయి. అప్పుడు దాన్నే నమ్ముకుని చదివిన కుర్రాడెవరైనా ఉంటే, ఇవాళ ఎటు చూసినా సిలికానే.

అందుకే పథకం వార్త వచ్చినప్పుడల్లా నేను చూసేది ఒకటే: వస్తువు పేరు చెప్పారా, పని చెప్పారా? 2021లో బ్యాటరీ సెల్స్‌కు 18,100 కోట్ల ప్రోత్సాహకం ప్రకటించినప్పుడు లోపల ఫలానా రసాయనాలే (కెమిస్ట్రీ) ఉండాలనలేదు. కిలోకు ఎంత శక్తి పడుతుంది, ఎన్నిసార్లు చార్జ్ చేయొచ్చు అని అడిగారు. నాకు నచ్చే పద్ధతి అది.

ఇక గ్రీన్ హైడ్రోజన్, అంటే సోలార్, గాలి లాంటి కరెంటుతో నీటిని విడగొట్టి తీసే హైడ్రోజన్. 2023లో కేంద్రం 19,744 కోట్లతో మిషన్ ప్రకటించింది. 2030కల్లా ఏటా 50 లక్షల టన్నులన్నది లక్ష్యం. ఇది వస్తువు పేరు చెప్పిన పథకమే. అయినా దీన్ని అడవి ఆముదంతో కట్టేయను. రిఫైనరీలు, యూరియా ఫ్యాక్టరీలు ఇప్పటికే సహజవాయువు నుంచి హైడ్రోజన్ తీసి వాడుకుంటున్నాయి. కొనేవాళ్లున్నారు, గ్రీన్ రకం ధరే ఇంకా దిగాలి. ఎప్పటికి దిగుతుందో అన్న టెన్షన్ కంపెనీలు పడనీండి, మీ అమ్మాయికెందుకు?

అసలు ఆ ప్లాంటులో ఏముంటుందో తనకు చెప్పండి. నీటిని విడగొట్టాలంటే డీసీ కరెంటు కావాలి. గ్రిడ్ నుంచి వచ్చే ఏసీని ట్రాన్స్‌ఫార్మర్‌తో దించి, రెక్టిఫైయర్‌తో డీసీగా మార్చాలి. ఇదంతా ఈఈఈ వాళ్ల పని. సోలార్ ఇన్వర్టర్‌లో ఉన్నదీ, బ్యాటరీ చార్జర్‌లో ఉన్నదీ ఇదే పవర్ ఎలక్ట్రానిక్స్. హైడ్రోజన్ ఆలస్యమైనా ఆ చదువు ఖాళీగా కూర్చోదు. రసాయనాల వైపు తనకు నిజంగా ఆసక్తి ఉంటే కెమికల్ కూడా మంచిదే.

ఇంకో చిక్కు. విద్యుత్ సంస్థల ఇంజినీరు పోస్టుల నోటిఫికేషన్లలో సాధారణంగా ఎలక్ట్రికల్ డిగ్రీ అని ఉంటుంది. కొత్త పేరున్న డిగ్రీతో వెళ్తే, ఇది దానికి సమానమేనని రుజువు చేసుకోవడానికి కాగితాల కోసం తిరగాల్సి రావచ్చు. నా దగ్గరికొచ్చిన ఒకబ్బాయి ఆ తిరుగుడులోనే ఒక దరఖాస్తు గడువు పోగొట్టుకున్నాడు. రెన్యువబుల్ మీద మోజుంటే ఈఈఈ చదువుతూ దాన్ని మైనర్‌గా, అంటే అసలు బ్రాంచికి తోడుగా అదనపు సబ్జెక్టులుగా తీసుకోవచ్చు. కాలేజీలో ఆ అవకాశం ఉందో లేదో ముందే కనుక్కోండి.

ఈ వారంలో అమ్మాయిని తీసుకుని ఆ ఈఈఈ కాలేజీకి వెళ్లిరండి. ఆఫీసులో రంగుల బ్రోచర్ ఇస్తారు, తీసుకోండి. తర్వాత పవర్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూపించమనండి. తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతకడానికే అరగంట పట్టిందనుకోండి, ఆ కాలేజీని ఆప్షన్లలో కిందికి జరిపి, ఈఈఈ ఉన్న ఇంకో కాలేజీని పైకి తెచ్చుకోండి.