రాజాజీ ప్రభుత్వ నియంత్రణను అన్నిటా వ్యతిరేకించారా?

లేదు, చక్రవర్తుల రాజగోపాలాచారి వ్యాపార, వ్యవసాయాలపై సర్కారు పెత్తనాన్ని ఎంత గట్టిగా వ్యతిరేకించారో, మద్యాన్ని చట్టంతోనే ఆపాలని అంత గట్టిగా పట్టుబట్టారు.

పర్మిట్లు, లైసెన్సులు అధికారాన్ని కొద్దిమంది మంత్రుల, ఉద్యోగుల చేతుల్లో పోగుచేసి లంచాలకు దారితీస్తాయన్నది ఆయన వాదన. అందుకే 1952లో మద్రాసు ముఖ్యమంత్రిగా ఆహారధాన్యాలపై నియంత్రణలు ఎత్తివేశారు, 1959లో కాంగ్రెస్ నాగపూర్ సమావేశం ఉమ్మడి సహకార సేద్యాన్ని తలకెత్తుకున్నాక స్వతంత్ర పార్టీని స్థాపించారు. తాగుడును మాత్రం వ్యక్తి ఇష్టంగా కాక, పేదవాడి కూలిని మింగే వ్యసనంగా చూశారు. 1937లో సేలం జిల్లాలో నిషేధం మొదలుపెట్టి, కోల్పోయిన ఆబ్కారీ ఆదాయాన్ని పూడ్చుకునేందుకు 1939లో అమ్మకం పన్ను తెచ్చింది ఆయన ప్రభుత్వమే (లైసెన్సు రాజ్యాన్ని ఎండగట్టిన నేతకు ఇది వింతగా తోచవచ్చు). 1971లో డీఎంకే ప్రభుత్వం ఆ నిషేధాన్ని సడలించినప్పుడు, తొంభై దాటిన వయసులోనూ ఆయన అభ్యంతరం చెప్పారు.

చాలామంది స్వతంత్ర పార్టీని కేవలం సంపన్నుల పార్టీగా భావిస్తారు. అందులో సంస్థానాధీశులు, పారిశ్రామికవేత్తలు ఉన్నమాట నిజమే గానీ, దాని తొలి అధ్యక్షుడు గుంటూరు జిల్లాకు చెందిన రైతు నాయకుడు ఎన్.జి. రంగా.