శాంతి చట్టం, చిన్న రియాక్టర్లు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: కొత్త అణు చట్టం వచ్చాక ప్రైవేటు కంపెనీలు కూడా అణు విద్యుత్తు ఉత్పత్తి చేయవచ్చని అంటున్నారు. ఈ అనుమతి దేనికి వర్తిస్తుంది, దేనికి వర్తించదు?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: 2025 డిసెంబరులో పార్లమెంటు ఉభయ సభలూ ఆమోదించగా అదే నెల 20న రాష్ట్రపతి సంతకం చేసిన శాంతి చట్టం (దాని ఆంగ్ల పేరులోని తొలి అక్షరాలు కలిపితే వచ్చిన పేరు), 1962 నాటి అణుశక్తి చట్టాన్నీ, 2010 నాటి అణు నష్ట పరిహార చట్టాన్నీ రద్దు చేసి వాటి స్థానంలో నిలిచింది. దీని ప్రకారం మన దేశంలో నమోదైన ప్రైవేటు కంపెనీ లైసెన్స్ తీసుకుని అణు విద్యుత్ కేంద్రాన్ని నిర్మించవచ్చు, నడపవచ్చు. యురేనియం శుద్ధిస్థాయి పెంచడం, వాడిన ఇంధనాన్ని పునఃశుద్ధి చేయడం, భారజలం (కొన్ని రియాక్టర్లలో వాడే, మామూలు నీటికన్నా బరువైన ప్రత్యేక నీరు) తయారీ మాత్రం కేంద్రం చేతిలోనే ఉంటాయి.

కొత్త తరం రియాక్టర్ల పేరిట వినిపిస్తున్నవన్నీ నిజంగా కొత్తవి కావు. భారత్ స్మాల్ రియాక్టర్ అన్నది కైగాలోనూ నరోరాలోనూ ఏళ్లుగా నడుస్తున్న 220 మెగావాట్ల భారజల రియాక్టరుకు మెరుగులు దిద్దిన రూపమే. మీ నగరంలోని అణు ఇంధన సముదాయం ఆ తరహా రియాక్టర్లకు ఇంధనాన్ని దశాబ్దాలుగా తయారుచేస్తోంది. అసలు కొత్త డిజైన్లు భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందిస్తున్న 200, 55 మెగావాట్ల చిన్న మాడ్యులర్ (ఫ్యాక్టరీలో విభాగాలుగా తయారుచేసి తెచ్చి బిగించే) రియాక్టర్లు, హైడ్రోజన్ తయారీకి ఉద్దేశించిన 5 మెగావాట్ల ఉష్ణ సామర్థ్యం గల వాయు శీతల రియాక్టర్. 2025 కేంద్ర బడ్జెట్ వీటి పరిశోధనకు 20,000 కోట్ల రూపాయలు ప్రకటించి, 2033 నాటికి కనీసం ఐదు స్వదేశీ చిన్న రియాక్టర్లు పనిచేయాలని లక్ష్యం పెట్టుకుంది.

ప్రశ్న: ప్రమాదం జరిగితే కంపెనీ చెల్లించాల్సిన పరిహారాన్ని చిన్న రియాక్టర్లకు బాగా తగ్గించారట. కొవ్వాడలో రాబోయే కేంద్రానికి ఎంత వర్తిస్తుంది? మాకు దక్కేది తగ్గుతుందా?
– ఒక రైతు, రణస్థలం మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: పాత చట్టంలో 10 మెగావాట్లు, అంతకు మించిన ఉష్ణ సామర్థ్యం ఉన్న రియాక్టర్లన్నిటికీ నిర్వాహక సంస్థ బాధ్యత ఒకే తీరుగా 1,500 కోట్ల రూపాయలు. కొత్త చట్టం దాన్ని అంచెలుగా విడదీసింది. 3,600 మెగావాట్ల పైబడిన ఉష్ణ సామర్థ్యానికి 3,000 కోట్లు, 1,500 దాటి 3,600 వరకు 1,500 కోట్లు, 750 దాటి 1,500 వరకు 750 కోట్లు, 150 దాటి 750 వరకు 300 కోట్లు, అంతకు లోపలైతే 100 కోట్లు. ఇక్కడ చూడాల్సింది ఉష్ణ సామర్థ్యాన్నే గాని విద్యుత్ సామర్థ్యాన్ని కాదు. రియాక్టరులో పుట్టే వేడిలో సుమారు మూడో వంతే కరెంటుగా మారుతుంది.

కొవ్వాడకు ప్రతిపాదించినవి ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల వెస్టింగ్‌హౌస్ ఏపీ1000 రియాక్టర్లు ఆరు. ఒక్కో దాని ఉష్ణ సామర్థ్యం 3,400 మెగావాట్లు కనుక అవి రెండో అంచెలోకి వస్తాయి. అంటే మీ విషయంలో పరిమితి పాత 1,500 కోట్లే, పెరగలేదు, తగ్గలేదు. తగ్గింది చిన్న రియాక్టర్ల విషయంలోనే. 200 మెగావాట్ల రియాక్టరును నడిపే కంపెనీ ఇదివరకు 1,500 కోట్ల వరకు పూచీ పడాల్సి వచ్చేది, ఇప్పుడు 300 కోట్లతో సరిపోతుంది.

బాధితులకు దక్కే మొత్తం మాత్రం దీనితో తగ్గదు. నష్టం కంపెనీ పరిమితిని మించితే, ప్రతి ప్రమాదానికి 30 కోట్ల ఎస్‌డీఆర్‌ల (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కలకు వాడే ప్రమాణం) వరకు, అంటే నేటి లెక్కన మూడున్నర వేల కోట్ల పైచిలుకు రూపాయల వరకు, మిగతాది కేంద్రం భరించాలి. ఈ గరిష్ఠ పరిమితి పాత చట్టంలోనూ ఇంతే. కాబట్టి మారింది ఎవరి జేబు నుంచి ఎంత అన్న పంపకమే. చిన్న రియాక్టరు విషయంలో కంపెనీ మోయాల్సిన బరువులో ఎక్కువ భాగం ఖజానా మీద, అంటే పన్నులు కట్టే వారి మీద పడుతుంది. చిన్న రియాక్టరులో ఇంధనం తక్కువ కనుక నష్టమూ తక్కువే ఉంటుందన్న వాదనలో బలం ఉంది. అయితే ఒకే చోట ఇలాంటివి అరడజను పెడితే ఆ వాదన ఎంతవరకు నిలుస్తుందన్నది నా సందేహం.

సరఫరాదారు సంగతి దీనికంటే పెద్ద మార్పు. భోపాల్ విషాదం నేపథ్యంలో 2010 చట్టంలో 17(బి) సెక్షన్ చేర్చి, పరికరంలో లోపం ఉంటే నిర్వాహక సంస్థ సరఫరాదారు నుంచి సొమ్ము రాబట్టుకునే హక్కు ఇచ్చారు. విదేశీ కంపెనీలు మన దేశానికి రియాక్టర్లు అమ్మడానికి ఏళ్ల తరబడి వెనుకాడటానికి ఇదే ముఖ్య కారణం. కొత్త చట్టంలో ఆ హక్కు లేదు. కాంట్రాక్టులో రాసుకుంటేనో, ఉద్దేశపూర్వకంగా నష్టం చేస్తేనో తప్ప సరఫరాదారుపైకి వెళ్లే దారి లేదు. కొవ్వాడ వారు ఇకపై అడగాల్సిన పత్రం ఆ కాంట్రాక్టే.

ప్రశ్న: అణుశక్తి నియంత్రణ మండలికి ఇప్పుడు చట్టబద్ధత వచ్చిందంటున్నారు. అంటే స్వతంత్రం వచ్చినట్టేనా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, విజయవాడ

జవాబు: సగమే. 1983లో ప్రభుత్వ ఉత్తర్వుతో ఏర్పడిన ఈ మండలి అణుశక్తి కమిషన్‌కు జవాబుదారీగా ఉండేది. ఆ కమిషన్ అధ్యక్షుడే అణు కేంద్రాలను నడిపించే శాఖకూ కార్యదర్శి. ఈ బలహీనతను 2012లో కాగ్ వేలెత్తి చూపింది. ప్రత్యేక నియంత్రణ సంస్థ కోసం 2011లో తెచ్చిన బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది. ఇప్పుడు మండలి పునాది చట్టంలోనే ఉంది, ఒక ఉత్తర్వుతో తీసేయడానికి వీలుకాదు. అయితే దాని సభ్యులను సూచించే ఎంపిక కమిటీని ఏర్పాటు చేసేది మళ్లీ అణుశక్తి కమిషనే. పరీక్ష రాసేవారే పరీక్షకుడిని ఎంచుకున్నట్టు ఉందన్న విమర్శకు ఇంకా సరైన జవాబు రాలేదు.

ప్రశ్న: అమెరికాలో కొత్త డిజైన్లకు నిబంధనలు మారుస్తున్నారని చదివాను. మన దగ్గర అనుమతులు త్వరగా వస్తాయా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: అమెరికా నిబంధనలు పెద్ద నీటి రియాక్టర్లను దృష్టిలో పెట్టుకుని రాసుకున్నవి. కరిగిన లవణాన్నో హీలియం వాయువునో శీతలీకరణకు వాడే డిజైన్లకు అవి పొసగవు. అందుకే 2019 జనవరిలో అమల్లోకి వచ్చిన అక్కడి చట్టం, ఏ సాంకేతికతకైనా వర్తించే నిబంధనలను 2027 ముగిసేలోగా తయారుచేయాలని అణు నియంత్రణ కమిషన్‌ను ఆదేశించింది. 2024 నాటి అడ్వాన్స్ చట్టం కొత్త తరం రియాక్టర్ల దరఖాస్తుదారులపై ఫీజుల భారాన్ని తగ్గించింది. 2025 మేలో అధ్యక్షుడి ఉత్తర్వు కొత్త రియాక్టర్ల లైసెన్స్ దరఖాస్తులపై 18 నెలల్లో తేల్చాలని గడువు విధించింది. ఈ చివరి అడుగు తొందరపాటన్న అభిప్రాయం అక్కడి నిపుణుల్లోనూ ఉంది.

మన దగ్గర స్థలం, నిర్మాణం, ప్రారంభ పరీక్షలు, నిర్వహణ అని దశలవారీగా అనుమతి తీసుకోవాలి. 220 మెగావాట్ల రియాక్టరు మండలికి చిరపరిచితం కనుక దాని దారి సులువే. కొత్త డిజైన్ల కథ వేరు. కల్పాక్కంలో సోడియంతో చల్లబరిచే 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ (వాడే ఇంధనం కన్నా ఎక్కువ ఇంధనాన్ని పుట్టించేలా రూపొందించిన) రియాక్టరు నిర్మాణం 2004లో మొదలైతే, ఇంధనం నింపడానికి మండలి అనుమతి వచ్చింది 2024 జులైలో. ఆ ఆలస్యంలో సాంకేతిక చిక్కులదీ పెద్ద వాటాయే గాని, 2033 గడువు చెప్పేవారు ఆ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.