విటమిన్ ఏ ఎక్కువైతే ఎముకలు గుల్లబారతాయా? క్యారెట్ మానేయాలా?

క్యారెట్ మానేయక్కర్లేదండీ. అమ్మగారికి 68 ఏళ్లు, స్కాన్‌లో ఎముకలు గుల్లబారాయని తేలింది, రక్తంలో విటమిన్ ఏ పై హద్దు దగ్గరుంది, తిండిలో ఏం తగ్గించాలి అని అడిగారు. తిండి సంగతి తర్వాత. ముందు ఆవిడ వేసుకునే మాత్రల సీసాలన్నీ ఒకచోట పెట్టి లేబుళ్లు చదవండి.

మా అత్తగారి విషయంలో మేం చేసిందదే. రోజూ ఒక మల్టీవిటమిన్, కీళ్లకని కాడ్ లివర్ ఆయిల్, జుట్టుకని ఇంకో మాత్ర. దేనికదే చూస్తే తక్కువే, కలిపితే మాత్రం రోజుకి 2,000 మైక్రోగ్రాములు దాటింది. ఆ వయసు ఆడవాళ్లకి కావలసింది 700. ఈ లెక్క కాగితం మీద రాసి చూపిస్తే డాక్టరుగారు కాడ్ లివర్ ఆయిల్, జుట్టు మాత్ర ఆపించారు; కాల్షియం, విటమిన్ డి కొనసాగించారు.

లేబుల్ మీద రెటినాల్, రెటినైల్ పామిటేట్, రెటినైల్ అసిటేట్ అని ఉంటే అది నేరుగా విటమిన్ ఏ. కాలేయంలో, కాడ్ లివర్ ఆయిల్ లాంటి చేప కాలేయపు నూనెల్లో ఉండేదీ ఇదే. ఇది ఒంట్లో నిలవైపోతుంది. మోతాదు మించితే ఎముకను కరిగించే కణాలు చురుకవుతాయి, విటమిన్ డి చేసే పనికి కూడా అడ్డొస్తుంది. బీటా కెరోటిన్ అలా కాదు. క్యారెట్లో, ఆకుకూరల్లో ఉండేది అదే. ఒంటికి ఎంత కావాలో అంతే విటమిన్ ఏగా మారుతుంది. అందుకే కూరలు మాన్పించి పెద్దవాళ్లను ఇబ్బంది పెట్టొద్దని గట్టిగా చెబుతున్నాను.

లేబుల్ మీద మోతాదు ఐయూలో (IU, అంతర్జాతీయ యూనిట్లు) ఉంటే, రెటినాల్‌కి 0.3తో గుణించండి, మైక్రోగ్రాములు వస్తాయి. 5,000 ఐయూ అంటే 1,500 మైక్రోగ్రాములు. ఎముకలు బలహీనంగా ఉన్న పెద్దవాళ్లు తిండీ మాత్రలూ కలిపి ఈ 1,500 దాటకుండా చూసుకోమని బ్రిటన్‌లో సలహా ఇస్తారు.

అమెరికాలో నెలసరి ఆగిన 72 వేలకు పైగా నర్సులను 18 ఏళ్లు గమనించి, 2002లో ఫలితాలు ప్రచురించారు. రోజుకి 2,000 మైక్రోగ్రాములు, ఆపైన రెటినాల్ తీసుకున్నవాళ్లలో తుంటి ఎముక విరిగే ముప్పు, 500 లోపు తీసుకున్నవాళ్లకంటే దాదాపు రెట్టింపు కనిపించింది. బీటా కెరోటిన్‌తో అంత తేడా లేదు. తర్వాతి అధ్యయనాలన్నీ దీన్ని బలపరచలేదు కాబట్టి కంగారు పడకండి. విటమిన్ ఏ మరీ తగ్గినా ఎముకలకి మంచిది కాదు, అందుకని అన్నీ ఒక్కసారిగా ఆపేయొద్దు.

రక్తపరీక్ష అంకె ఒక్కటే పట్టుకుని కూర్చోకండి. కాలేయం ఆ స్థాయిని చాలావరకు నిలకడగా ఉంచుతుంది, నిలవ ఎంతుందో అందులో సరిగ్గా కనపడదు. అమ్మగారికి విటమిన్ డి పరీక్ష చేయించారా? ఏ ఎక్కువగా, డి తక్కువగా తీసుకునేవాళ్లలోనే ఎముక విరిగే ముప్పు కొంత పెరిగిందని అమెరికాలోనే మరో పెద్ద అధ్యయనంలో తేలింది. చేయించకపోతే ఈసారి వెళ్లినప్పుడు డాక్టరుగారిని అడగండి.