హెచ్‌ఆర్‌కి చెప్పి రెండు నెలలైంది, ఏమీ జరగలేదు. ఇప్పుడేం చేయాలి?

మీరు రాసినదాన్ని బట్టి టీమ్ లీడ్ అర్ధరాత్రి మెసేజ్‌లు పెడుతున్నాడు, రేటింగ్‌తో ముడిపెట్టి ఒకసారి నేరుగానే బయటికి రమ్మని అడిగాడు. హెచ్‌ఆర్ "మేం మాట్లాడతాంలే" అని రెండు నెలలు గడిపేసింది.

ముందు క్యాలెండర్ తీయండి. పనిచేసేచోట మహిళలపై లైంగిక వేధింపులను ఆపడానికి తెచ్చిన, అందరూ పోష్ అనే 2013 చట్టం ప్రకారం చివరి సంఘటన జరిగిన రోజు నుంచి 3 నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. అదీ ఇలాంటి ఫిర్యాదుల్ని విచారించడానికి సంస్థలోనే ఉండే ఇంటర్నల్ కమిటీకి, రాతపూర్వకంగా. హెచ్‌ఆర్‌ దగ్గర నోటిమాటగా చెప్పుకున్నది లెక్కలోకి రాదు. చాలా కేసులు నీరుగారేది ఇక్కడే. గడువు దాటితే కమిటీ ఇంకో 3 నెలల వరకు పొడిగించొచ్చు గానీ, ఎందుకు ఆలస్యమైందో మీరు ఒప్పించాలి. హెచ్‌ఆర్‌తో నడిచిన మెయిళ్లు పనికొచ్చేది అప్పుడే.

10 మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే ప్రతిచోటా కమిటీ ఉండాలి, దాన్ని వేసిన ఉత్తర్వు ఆఫీసులో కనబడేచోట పెట్టాలి. అధ్యక్షురాలు సీనియర్ మహిళా ఉద్యోగి. సంస్థ బయటి సభ్యులు ఒకరుంటారు, ఫిర్యాదు మెయిల్లో వాళ్లనీ చేర్చండి. 10 మందిలోపు ఉన్న చోటైతే, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లా లోకల్ కమిటీకి వెళ్లాలి.

ఇక రాయడం. "అసభ్యంగా ప్రవర్తిస్తున్నాడు" అని రాస్తే అవతలివాడు "అలాంటిదేం లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. ఇలా రాయండి: "జూన్ 12, సాయంత్రం 7 దాటాక, నాలుగో అంతస్తు మీటింగ్ రూమ్‌లో 'మంచి రేటింగ్ కావాలంటే శనివారం నాతో బయటికి రా' అన్నాడు. నేను తలుపు తీసుకుని వచ్చేశాను. 7:20కి ఫలానా సహోద్యోగికి వాట్సాప్‌లో చెప్పాను." ఆ 7:20 మెసేజ్ చాలా బలమైన ఆధారం. అతనన్న మాట ఎంత రోతగా ఉన్నా ఉన్నదున్నట్టు రాయండి, మర్యాదగా మార్చొద్దు. స్క్రీన్‌షాట్‌లో సేవ్ చేసుకున్న పేరు కాదు, నంబరు కనబడాలి. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి ఉంచుకోండి. ఆ వంకతో ప్రాజెక్టు ఫైళ్లు మాత్రం సొంత మెయిల్‌కి పంపుకోకండి, తర్వాత మీమీదే తిప్పికొడతారు.

సాక్షుల పేర్లు, చిరునామాలు, ఆధారాలు జతచేసి ఫిర్యాదు 6 ప్రతులు ఇవ్వాలి. అందులోనే మధ్యంతర ఉపశమనం, అంటే విచారణ నడుస్తుండగానే రక్షణ, అడగండి. దీన్ని చాలామంది వదిలేస్తారు, మీకు అసలు కావాల్సింది ఇదే. మీ పనితీరు మీద అతను నివేదిక రాయకుండా ఆపమనొచ్చు, ఇద్దరిలో ఒకరిని వేరేచోటికి మార్చమనొచ్చు, 3 నెలల వరకు అదనపు సెలవు అడగొచ్చు. అప్రైజల్ నెలలో ఉన్నారు కాబట్టి మొదటిది తప్పనిసరి.

ఫిర్యాదు ప్రతి 7 పనిదినాల్లో అతనికి వెళ్తుంది, జవాబుకి అతనికి 10 పనిదినాలు. విచారణ 90 రోజుల్లో ముగించాలి, ఆ తర్వాత 10 రోజుల్లో నివేదిక, దానిమీద 60 రోజుల్లో యాజమాన్యం చర్య. లాయర్లకి ప్రవేశం లేదు, ఇరువైపులా. రాజీ అనేది మీరడిగితేనే, డబ్బు ఆధారంగా అసలే కుదరదు. "సర్దుకుపోకూడదా అమ్మా" అని కమిటీయే మొదలుపెడితే అది వాళ్ల పని కాదని మెయిల్లో గుర్తుచేయండి.

రుజువు కాకపోతే తప్పుడు ఫిర్యాదంటారేమో అన్న మీ భయం అక్కర్లేదు. రుజువు చేయలేకపోవడం వేరు, కావాలని అబద్ధం చెప్పడం వేరు. చట్టంలోనే ఆ తేడా రాసుంది. పోలీసు కేసు దారి (భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 75) కూడా తెరిచే ఉంటుంది. మగవాళ్ల కన్నా జీతం తక్కువన్న మీ రెండో ప్రశ్న మాత్రం ఈ కమిటీది కాదు. దాన్ని విడిగా రాయండి, కలిపితే రెండూ పలచబడతాయి.

విచారణలో మీరు చెప్పిన వాంగ్మూలం కమిటీ టైప్ చేసిచ్చాక ప్రతి పేజీ చదివాకే సంతకం పెట్టండి. మీరనని మాట కనబడితే పెన్నుతో కొట్టేసి, సరైనది రాసి, పక్కన పొట్టి సంతకం చేసి, ఒక కాపీ అడిగి తీసుకోండి.