బ్రోషర్‌లో ఉన్న ఫీచర్ కారులో లేకపోతే?

ప్రశ్న: మాది ఖమ్మం. ఎనిమిది నెలల కిందట హైదరాబాద్‌లోని ఒక షోరూంలో 19 లక్షలు పెట్టి కొత్త ఎలక్ట్రిక్ కారు కొన్నాను. నేను తీసుకున్న వేరియంట్‌కి ముందు సీట్లలో వెంటిలేషన్, కారు బ్యాటరీ నుంచి బయటి సామాన్లకు కరెంటు తీసుకునే వీటూఎల్ ఉన్నాయని లాంచ్ నాటి బ్రోషర్‌లో రాశారు. సీట్లకు వెంటిలేషన్ లేనే లేదు. వీటూఎల్ ‘అప్‌డేట్‌లో వస్తుంది’ అని తిప్పుతున్నారు. ఒక చార్జింగ్‌తో 500 కిలోమీటర్లు అన్నారు, 360 దాటడం లేదు. ఈ మోడల్ అంటే ఇష్టమున్న వాళ్ళం కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపుకి నేనే అడ్మిన్‌ని. అందులో ఫొటోలు పెట్టి ఇవన్నీ చర్చించుకుంటుంటే పరువు నష్టం కేసు వేస్తామని షోరూం మేనేజర్ బెదిరించాడు. కారు తిరిగి ఇచ్చేసి డబ్బు వాపసు తీసుకోవచ్చా?

జవాబు: సీట్ల విషయంలో మీ కేసు గట్టిది. వీటూఎల్ కూడా నిలబడుతుంది. రేంజ్, అంటే ఒక చార్జింగ్‌తో వెళ్ళే దూరం విషయం మాత్రం మీరు అనుకున్నంత తేలిక కాదు. ఫిర్యాదులో దాన్ని ముందు పెడితే మిగతా రెండూ పలచనవుతాయి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 84 ఉంది. తయారీదారు ఇచ్చిన స్పష్టమైన హామీకి తగ్గట్టు వస్తువు లేకపోతే, ఆ హామీ ఇవ్వడంలో తన నిర్లక్ష్యం ఏమీ లేదని రుజువు చేసుకున్నా సరే, అతని బాధ్యత పోదు. కంపెనీ అచ్చు వేసిన బ్రోషర్‌లో మీ వేరియంట్ కింద టిక్కు పెట్టిన ఫీచర్ అలాంటి హామీయే అన్నది నా అభిప్రాయం. ‘ముందస్తు సమాచారం లేకుండా మార్పులు చేసే హక్కు మాకుంది’ అని అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది కదా, కంపెనీ వాళ్ళు ముందుగా దాన్నే చూపిస్తారు. మీరు డబ్బు కట్టకముందే మార్పు చేసి, మీకు చెప్పి ఉంటే ఆ మాటకు విలువ ఉండేది. ఆ ఫీచర్ ఉన్న వేరియంట్ ధర పూర్తిగా వసూలు చేసి, ఫీచర్ ఎగ్గొట్టడానికి అది లైసెన్సు కాదు.

ఈ సందర్భంలో గుర్తు చేయాల్సింది హ్యుందాయ్ క్రెటా కేసు. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోకపోతే, కారు మార్చి ఇవ్వాలన్న ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో సమర్థించింది. అయితే అది ప్రాణాలతో ముడిపడిన ఫీచర్. సీటు వెంటిలేషన్‌కి వినియోగదారుల కమిషన్ అంత దూరం వెళ్తుందని నేను భరోసా ఇవ్వలేను. లోపమున్న భాగాన్ని బాగుచేసి ఇస్తే సరిపోయే చోట బండి మొత్తం మార్చమనడం కుదరదని 2006లో మారుతి కేసులో అదే సుప్రీంకోర్టు అంది. కాబట్టి సీట్లు అమర్చి ఇవ్వండి, వీలుకాకపోతే వేరియంట్ల మధ్య ధర తేడా, నష్టపరిహారం ఇప్పించండి అని అడగండి. డబ్బు వాపసును ప్రత్యామ్నాయంగా చివర్లో చేర్చండి.

వీటూఎల్ గురించి ఒక చిన్న కిటుకు. ఆ సదుపాయానికి కావలసిన హార్డ్‌వేర్ నా కారులో ఉందా లేదా అని కంపెనీని ఈమెయిల్‌లో అడగండి. బ్యాటరీలోని డీసీ కరెంటును ఏసీగా మార్చి బయటికి ఇచ్చే ఏర్పాటు కారులో లేకపోతే ఏ అప్‌డేటూ దాన్ని తెచ్చిపెట్టదు. ఉందంటే ఎప్పటిలోగా ఇస్తారో తేదీ చెప్పాలి. లేదంటే ఇన్నాళ్ళూ ‘అప్‌డేట్’ అని తిప్పింది అబద్ధమని తేలుతుంది. జవాబు రాకపోయినా ఆ మౌనం మీకే పనికొస్తుంది.

ఇక రేంజ్. మన దేశంలో ప్రకటించే సంఖ్య సాధారణంగా ఎమ్ఐడీసీ అనే పద్ధతిలో, రోలర్ల మీద నిర్ణీత వేగాల్లో చేసిన పరీక్షది. అందులో గరిష్ఠ వేగం 90 కిలోమీటర్లే. మే నెలలో ఏసీ వేసుకుని విజయవాడ హైవే మీద 110లో వెళ్తే ఆ సంఖ్య రాదు. ‘పరీక్షా పరిస్థితుల్లో’ అని కంపెనీ బ్రోషర్‌లో రాసుకుని ఉంటే మీకు కష్టమే. లోపం ఉందని నిరూపించాలంటే సెక్షన్ 38 కింద కారును ప్రయోగశాలకు పంపమని కోరాలి. ఆ ఖర్చు ముందు మీరే కట్టాలి. సేల్స్‌మన్ వాట్సాప్‌లో ‘హైవే మీద 500 గ్యారంటీ సార్’ అని రాసి ఉంటే మాత్రం కథ వేరు. ఆ మెసేజ్ తుడిచేయకండి.

సేల్స్‌మన్ సొంతంగా ఇచ్చిన మాటకు డీలర్ జవాబుదారీ. బ్రోషర్‌కు కంపెనీ జవాబుదారీ. ఈ తేడా ఉత్తినే చెప్పడం లేదు. పాత మోడల్ కారును కొత్తదని డీలర్ అమ్మిన కేసులో, తప్పులో కంపెనీకి పాత్ర ఉందని చూపకుండా బాధ్యత మోపలేమని 2021లో టాటా మోటార్స్‌కు అనుకూలంగా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అందుకే ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి, ఎవరి తప్పు ఏమిటో విడివిడిగా రాయండి.

కేసుకు హైదరాబాద్ వెళ్ళక్కర్లేదు. మీరు నివసించే ఖమ్మంలోని జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. 50 లక్షల వరకు అక్కడే విచారిస్తారు. చెల్లించిన మొత్తం 10 నుంచి 20 లక్షల మధ్య ఉంటే ఫీజు 400 రూపాయలు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్ళు. అప్‌డేట్ కోసం ఎదురుచూసిన నెలలు ఇందులోంచి మినహాయిస్తారని నమ్ముకోకండి, డెలివరీ రోజు నుంచే లెక్క వేసుకోండి. కారు సొంత వాడకానికే కొన్నారన్న లెక్కలో ఇదంతా చెబుతున్నాను. వ్యాపారానికి తిప్పేదైతే ‘వినియోగదారు’ అన్న నిర్వచనం దగ్గరే గొడవ మొదలవుతుంది.

బుకింగ్ నాటి బ్రోషర్ ఇప్పుడు వెబ్‌సైట్‌లో ఉండకపోవచ్చు. మీ గ్రూపు సభ్యుల్లో ఎవరి దగ్గరో పీడీఎఫ్ ఉండే ఉంటుంది, వెతికించండి. స్క్రీన్‌షాట్లు దాఖలు చేసేటప్పుడు అవి అసలైనవేనని ధ్రువీకరిస్తూ భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జత చేయడం మంచిది. మీలాగే మోసపోయినవాళ్ళు చాలామంది ఉంటే, కమిషన్ అనుమతితో అందరి తరఫునా ఒకే ఫిర్యాదు వేసే వీలు వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 35లో ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటన మీద ఢిల్లీలోని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు కూడా రాయవచ్చు. అది 10 లక్షల దాకా జరిమానా వేయగలదు గానీ అందులో మీ చేతికి పైసా రాదు.

మేనేజర్ బెదిరింపు సంగతి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 పరువు నష్టాన్ని నేరంగా చెబుతూనే, ప్రజల మేలు కోరి చెప్పిన నిజాన్ని మినహాయించింది. ‘బ్రోషర్‌లో ఇది ఉంది, నా కారులో ఇది లేదు, ఫలానా తేదీన ఇలా జవాబిచ్చారు’ అని ఫొటోలతో పెట్టడానికి భయపడనక్కర్లేదు. ‘దొంగలు’, ‘కమీషన్ తిన్నాడు’ లాంటి మాటలు మాత్రం వద్దు. వాటికి మీ దగ్గర రుజువు ఉండదు. ఇతర సభ్యులు పెట్టిన పోస్టులకు అడ్మిన్ నేరబాధ్యత వహించనక్కర్లేదని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. అయినా అలాంటివి కనిపిస్తే తీసేయండి.

కేసుకు ముందు కంపెనీకీ డీలర్‌కీ స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. ఈలోగా సీట్లు మారుస్తామని పిలిస్తే వెళ్ళండి. పని అయ్యాక సంతకం పెట్టమనే జాబ్ కార్డులో ‘ఇక ఏ ఫిర్యాదూ లేదు’ అన్న వాక్యం ఉంటే కొట్టేసి, ‘వీటూఎల్ ఫిర్యాదు అలాగే ఉంది’ అని మీ చేత్తో రాసి, అప్పుడు సంతకం పెట్టండి.