అద్దె ఎంత పెట్టాలి? ఏజెంట్ మాట వినాలా, ప్రకటనలు చూడాలా?

"ఒక్క ఫ్లాటే ఉంది, ఉన్నవాళ్లు వచ్చే నెల ఖాళీ చేస్తున్నారు, వెబ్‌సైట్లలో ఒక్కోచోట ఒక్కో అంకె ఉంది, ఏజెంట్ ఇంకేదో చెప్తున్నాడు, ఎవర్ని నమ్మాలి" అని అడిగారు. నాకు రెండు ఫ్లాట్లున్నాయి, పదకొండేళ్లుగా వాటి సంగతి నేనే చూసుకుంటున్నాను. మొదట్లో ఇదే చోట తప్పు చేశాను కాబట్టి ముందు ఆ లెక్క చెప్తాను.

అప్పటికి నాకు వస్తున్న అద్దె నెలకు 100 అనుకోండి. ప్రకటనలు ఇరవై దాకా చూసి, సగటు తీసి, 112 పెట్టాను. రెండున్నర నెలలు ఇల్లు ఖాళీ. వచ్చినవాళ్లు చూసి, "ఇంట్లో మాట్లాడుకుని ఫోన్ చేస్తాం" అనడమే గానీ ఒక్కరూ మళ్లీ చేయలేదు. చివరికి 102కి ఇచ్చాను. మొదటి రోజే 100కి ఇచ్చేసి ఉంటే ఏడాదికి 1200 వచ్చేది, నాకు వచ్చింది తొమ్మిదిన్నర నెలలకు 969. ఖాళీగా ఉన్నన్నాళ్లూ మెయింటెనెన్స్ నా చేతి నుంచే కట్టాను, అది వేరే. ఒక్క నెల ఖాళీ ఉంటే ఏడాది అద్దెలో 8 శాతం పైనే పోయినట్టు. దాన్ని మిగతా 11 నెలల్లో రాబట్టాలంటే అద్దె 9 శాతం పైన పెంచాలి, అంత పెంచితే మళ్లీ ఎవరూ రారు. అందుకే "ఎంత ఎక్కువ అడగొచ్చు" అని కాకుండా "ఎంతకైతే రెండు మూడు వారాల్లో మంచివాళ్లు దిగుతారు" అని వెతకండి.

ప్రకటనల సగటు ఎందుకు తప్పుదారి పట్టిస్తుందో నాకు తర్వాత అర్థమైంది. సరైన ధర పెట్టిన ఇల్లు వారంలో పోతుంది, దాని ప్రకటన కూడా పోతుంది. ఎక్కువ పెట్టిన ఇల్లు మూడు నెలలైనా అక్కడే ఉంటుంది. అంటే మనం ఏ రోజు తెరిచి చూసినా కనిపించేవాటిలో ఎక్కువ భాగం ఎవరూ తీసుకోని ఇళ్లే. దానికి తోడు ఒకే ఫ్లాట్‌ని ముగ్గురు ఏజెంట్లు మూడు అంకెలతో పెడతారు, ఎప్పుడో పోయిన ఇంటిని కూడా ఫోన్లు వస్తాయని తీయకుండా ఉంచుతారు. ఫొటోల్లో కిటికీ గ్రిల్లో, నేల టైల్సో ఒకేలా ఉన్నాయేమో చూస్తే ఇలాంటివి దొరికిపోతాయి.

ఇప్పుడు నేను చేసేది ఇది. ఇల్లు ఖాళీ అవుతుందని తెలిసిన రోజే ఒక నోట్‌బుక్ తీస్తాను. వారానికోసారి, ఒకే రోజున, మా ఫ్లాట్ నుంచి పావుగంట నడకలో ఉన్న, అదే సైజు ఇళ్లన్నీ రాసుకుంటాను. మొదట కనిపించిన తేదీ, అడుగుతున్న అద్దె, ఎన్నో అంతస్తు, లిఫ్ట్, పార్కింగ్, మెయింటెనెన్స్ కలిపా విడిగానా, అడ్వాన్స్ ఎంత. తర్వాతి వారం ఏవి మాయమయ్యాయి, ఏవి ధర తగ్గించాయి, ఏవి అలాగే ఉన్నాయి అని పక్కన గుర్తు పెడతాను. నాలుగు వారాలు తిరిగేసరికి మీ ఏరియా అద్దె ఆ పేజీలోనే తెలిసిపోతుంది. రెండు వారాల్లోపు మాయమైన ఇళ్ల అంకెలే నాకు లెక్క. వాటిని చిన్నది నుంచి పెద్దదాకా వరసగా రాసి మధ్యలో ఉన్నది చూస్తాను, సగటు తీయను. సోఫాలూ ఏసీలూ అన్నీ ఉన్న ఫ్లాట్ ఒక్కటి కలిసినా సగటు మొత్తం పైకి లేస్తుంది.

మాయమైందంటే కచ్చితంగా అద్దెకు పోయిందనే కాదు, ఓనర్ మనసు మార్చుకుని ఉండొచ్చు. అందుకని ఫోన్ చేస్తాను. అద్దెకు దిగేవాళ్లలా నటించి ఇల్లు చూడ్డానికి వెళ్లేవాళ్లున్నారు, నాకది నచ్చదు, పాపం అవతలివాళ్ల ఒక సాయంత్రం మన కోసం వృథా అవుతుంది. "నేనూ ఓనర్నేనండీ, నా ఫ్లాట్ ఖాళీ అవుతోంది, మీది ఎంతకు కుదిరిందో చెప్తారా, నాది కుదిరాక నేనూ చెప్తాను" అని అడుగుతాను. సగం మందికి పైగా చెప్పారు. అడిగిన ధరకీ కుదిరిన ధరకీ మధ్య తేడా అలాగే తెలిసింది.

అలా పరిచయమైన ఒకావిడది మా బిల్డింగ్‌లోనే, మా ఫ్లాట్‌కి సరిగ్గా రెండు అంతస్తుల పైన. ప్లాన్ ఒకటే, కొలతలు ఒకటే, ఆవిడకు నాకన్నా 6 శాతం ఎక్కువ వస్తోంది. ఎందుకో అర్థం కాక వెళ్లి చూశాను. నా పడగ్గది కిటికీలోంచి చెయ్యి చాపితే పక్క బిల్డింగ్ గోడ దాదాపు తగులుతుంది, మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలి. పక్క బిల్డింగ్ ఎత్తు ఆవిడ అంతస్తుకి కిందే ఆగిపోయింది, ఆ గదిలో మంచం మీద ఎండ పడుతోంది. ఇలా ఒక్క విషయంలోనే తేడా ఉన్న ఇళ్లు రెండు దొరికితే వదలకండి. ఆ తేడాకి జనం ఎంత ఇస్తారో నాకు అంత కచ్చితంగా ఇంకెక్కడా తెలియలేదు.

చదరపు అడుగుకి ఇంత అని లెక్క కట్టేటప్పుడు జాగ్రత్త. కొందరు గోడల లోపలి కొలతే చెప్తారు, కొందరు మెట్లూ వరండాలూ కలిపి చెప్తారు, రెండూ పక్కపక్కన పెడితే లెక్క తప్పుతుంది. చిన్న ఫ్లాట్‌కి అడుగు లెక్కన మామూలుగా ఎక్కువే పలుకుతుంది, ఎందుకంటే వంటగది, బాత్రూమ్ చిన్న ఇంటికైనా ఉండాల్సిందే. పెద్ద ఫ్లాట్ రేటు తెచ్చి చిన్నదానికి పెట్టకండి.

పక్కింటివాళ్లని అడిగితే తక్కువ చెప్తారు, అబద్ధమని కాదు, ఐదారేళ్లుగా ఉంటున్నవాళ్ల అద్దె కొత్తగా దిగేవాళ్ల అద్దెకన్నా మామూలుగా వెనకబడే ఉంటుంది. గత రెండు మూడు నెలల్లో దిగినవాళ్లని అడగండి.

ఏజెంట్ సంగతి. "ఎంతకు పోతుంది" అని అడిగితే కొందరు ఇల్లు తమ చేతికి రావాలని పెద్ద అంకె చెప్తారు, కొందరు త్వరగా తేలిపోవాలని చిన్న అంకె చెప్తారు. 5 శాతం తేడా ఏడాదంతా మనకు తగులుతుంది, వాళ్ల కమీషన్‌లో అది చాలా చిన్న ముక్క. అందుకే నేను అడిగే ప్రశ్న వేరు: "ఈ వీధిలో మీరు ఆఖరుగా కుదిర్చిన మూడు ఇళ్లు ఏవి, ఎంతకు, ఎన్ని రోజుల్లో?" చేతిలో పని ఉన్న ఏజెంట్ వెంటనే చెప్తాడు.

ప్రకటన పెట్టాక వచ్చే ఫోన్లు కూడా రీసెర్చే. మొదటి రెండు రోజుల్లోనే ఫోన్లు ఆగకుండా వస్తుంటే తక్కువ పెట్టినట్టు. పది రోజులైనా ఫోన్లు లేకపోతే ధర గానీ ఫొటోలు గానీ బాలేనట్టు, నేనైతే 3, 4 శాతం తగ్గించేస్తాను, ఆగను. ఫోన్లు వచ్చి, చూసి వెళ్లి, ఎవరూ తీసుకోకపోతే ఇంట్లో ఏదో ఉంది.

ఆ "ఏదో" ఏంటో నాకు చెప్పింది ఖాళీ చేస్తున్న అమ్మాయే. సామాన్లు సర్దుతూ, "ఆంటీ, మేం పన్నెండు ఇళ్లు చూశాం, అన్నిట్లోనూ వంటింటి కుళాయి నీళ్లు బాగానే వచ్చాయి, మన దాంట్లోనే సన్నగా వస్తాయి" అంది. కుళాయి మూతి విప్పి చూస్తే లోపలి చిన్న జల్లెడ నిండా ఇసుక. అరగంట పని, రెండేళ్లుగా ఆ పిల్ల గిన్నెలు అలాగే కడుక్కుంది, నాకు చాలా బాధనిపించింది. తర్వాత ఆ పన్నెండు ఇళ్ల అద్దెలూ, దేనికి ఎందుకు వద్దనుకున్నారో కూడా కూర్చుని చెప్పింది, నా నాలుగు వారాల నోట్‌బుక్‌లో కూడా అంత లేదు.

ఇంకొకటి, ఉన్నవాళ్లు మంచివాళ్లై ఉంటామంటే మార్కెట్‌కి 4, 5 శాతం తక్కువగానే ఉంచుతాను, రంగులు, కమీషన్, ఖాళీ రోజులు అన్నీ కలిపితే మార్చడమే ఎక్కువ ఖర్చు. పెంచేముందు మీ దగ్గర అద్దె పెంపుకి చట్టంలో పరిమితి ఉందేమో, ఎన్ని రోజుల ముందు చెప్పాలో కూడా చూసుకోండి.

మీకు ఇంకా నెల టైముంది, నోట్‌బుక్ ఈ వారమే మొదలుపెట్టండి. మీ ఫ్లాట్‌లో అద్దెకున్నవాళ్లు కొత్త ఇల్లు వెతుక్కుని ఉంటారు కదా, సామాన్లు వెళ్లిపోకముందే ఒకసారి వెళ్లి కూర్చుని మాట్లాడండి.